లోతు కొలవని చక్రాలు

ఆ రోజుల్లో మోటారు చక్రం ఊడిపోకుండ తిరిగితే చాలు, అదే మాకు గొప్ప. ఇప్పుడట్ల కాదు. మొన్న మనవని కారుకు కొత్త చక్రాలు వేయిద్దామని పోతే, దుకాణపాయన నన్ను కుర్చీల కూర్చోబెట్టి "పెద్దాయనా, ఆఫ్‌సెట్ అంటే ఏందో ఎరుకేనా?" అని పాఠం మొదలుపెట్టిండు. నాకు! బోల్టులు బిగించే పళ్లెం చక్రంల ఎంత లోతుకు ఉన్నదనే లెక్కే గద నాయనా అది. దాని పేరు తెలవక ముందే దాని చేత దెబ్బ తిన్నోన్ని నేను. ఒక్కన్నే తిన్ననా, ఒక పెండ్లి బలగానికంతా తినిపించిన.

మాది నకిరేకల్ దగ్గర నేతోళ్ల ఇల్లు. బాపు గుంటమగ్గంల కాళ్లు దించి కూర్చుంటే పొద్దు గూకేదాక లేవకపోయేటోడు. నాకేమో మగ్గం మీద మనసు లేకుండె. సడక్ మీద ఆగిన లారీల కిందికి దూరి, తిట్లు తినుకుంట మోటారు పని నాకు నేనే నేర్చుకున్న (గురువు లేని చదువు గురించి మీకు చెప్పేదేమున్నది, సగం వస్తది, పొగరు మాత్రం పూర్తిగ వస్తది). అప్పుడే మా మేనమామ పెండ్లిళ్ల కిరాయికని ఒక పాత నల్ల కారు కొన్నడు. అందరి ముందట నాతోని అన్నడు: "అల్లుడా, బండి నీ చేతుల పెడుతున్న. మొదటి పెండ్లి పరువుతోని దాటిచ్చినవా, నా బిడ్డ నీకే. లేదంటవా, నీకు మీ నాయిన మగ్గమున్నది, నా బిడ్డకు వేరే సంబంధమున్నది." తలుపు సందుల నుంచి ఆ బిడ్డ నవ్వింది. ఆ నవ్వుతో నాకు మిగిలిన సగం తెలివి సుత పోయింది.

కారు చక్రాలు సొట్టలు పోయి ఉండె. పట్నం పోయి పాత మోటారు సామాన్ల బజారంతా తిరిగి, మెరిసే చక్రాలు నాలుగు ఏరిన. ఊరికే ఏరలేదు, ఇంటి నుంచి నూలు పోగు తీసుకపోయి కొలిచిన. బోల్టు బొక్కలు సరిపోయినయి, ఎత్తు సరిపోయింది, వెడల్పు సరిపోయింది. నేతోని కొడుకును గద, బట్టకు ఉండేది పొడవు, పన్నా (అంటే వెడల్పు), రెండే. ఇంకో కొలత ఉంటదని నాకు తోచనే లేదు. తెచ్చి బిగిస్తే చక్రాలు మడ్‌గార్డుల కంటె రెండు వేళ్లు బయటికి వచ్చి, కారు పైల్వాన్ లెక్క కాళ్లు ఎడం పెట్టి నిలబడ్డది. బాపు ఒక్కసారి చూసి "ఏందిరా, చక్రాలు బయటికొచ్చినయి?" అన్నడు. "నీకేం తెలుసు బాపు, గిది మోటారు" అన్న. (ఆ మాట ఇప్పటికీ నన్ను లోపల గిల్లుతది.)

మోత్కూరుల లగ్గం. పెండ్లి పిల్లగాడు, వాళ్ల నాయిన, నిండు మనిషైన వాళ్ల పెద్దమ్మ, ఇంకో ఐదుగురు కారు ఎక్కిండ్రు. మైలు దాటకముందే వెనుక నుంచి గర్రుమని చప్పుడు, రబ్బరు కాలిన వాసన. బరువుకు కారు కుంగి, మడ్‌గార్డు అంచు వచ్చి టైరు మీద కూర్చున్నది. అందరినీ దించిన. "ఏం మోటారయ్యా ఇది, నడిచి పోయినా ఈపాటికి సగం దూరం పోదుము" అని పిల్లగాని నాయిన మండిపడ్డడు. వెనుక సీటు ఖాళీ చేస్తే బండి కదిలింది. సరే, పిల్లగాన్ని ఒక్కన్ని నా పక్కన కూర్చోబెట్టుకోని పోత, మిగిలినోళ్లు వెనుక వచ్చే ఎడ్లబండి ఎక్కుండ్రి అన్న. పెద్దమ్మ కదలలేదు. "పుస్తెలు నా కొంగున ఉన్నయి. పుస్తెలు పోయే తావుకే నేను!" విప్పి ఇయ్యమంటే మూడు ముడుల మీద ఇంకో ముడి వేసింది.

ఆమెను సుత ముందటనే కూర్చోబెట్టిన. సడక్ సాపుగ ఉన్నంతసేపు బాగనే ఉండె. మలుపు రాంగనే, తిప్పిన ముందు చక్రం పోయి రేకుకు రాసుకున్నది. "పెద్దమ్మా, జర దిగుతవా?"

"దిగి?"

"మలుపు దాటినంక ఎక్కు."

ఆ దోవల ఏడు మలుపులు. మూడోదానికి తిట్టింది. నాలుగోదానికి నేను అడగకముందే "ఆపు, నాకు కండ్లు లేవా" అని దిగింది. ఐదోకాడ గొర్లకాపరి నోరు తెరిచి చూస్తుంటే "ఏం చూస్తున్నవ్? మోటారుకు మొక్కున్నది, మలుపు మలుపుకు దిగాలె" అన్నది. పెండ్లి పిల్లగాడు బాసింగం ఊడిపోయేటట్టు నవ్విండు, నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ. లగ్గం దాటిపోతదేమోనని పంతులు సడక్ దిక్కే చూసుకుంట నిలబడ్డ గడియల పోయి దిగినం. లగ్గం దక్కింది, నా పరువు దక్కలేదు. ఎడ్లబండి మీద వచ్చినోళ్లు అన్నానికి కూర్చున్నకాడ నా ముచ్చటే చెప్పుకున్నరు.

తెల్లారి మామ చెయ్యి చాపిండు. "తాళంచెయ్యి ఇటియ్యి." ఇచ్చిన. తలుపు సందుల నవ్వు లేదు. అప్పుడు వచ్చిండు బాపు, చేతుల ఒక నూలు పోగుతోని. ఒక్క మాట తిట్టలేదు. పాత చక్రం ఒకటి, కొత్తది ఒకటి పక్కపక్కన బోర్లేసిండు. అంచు నుంచి అంచుకు పోగు లాగి పట్టి, పోగు కింద నుంచి పళ్లెం దాక వేళ్లు పెట్టి చూసిండు. పాతదానికి ఐదు వేళ్లు, కొత్తదానికి మూడే. "గా తక్కువైన రెండు వేళ్లే బయటికొచ్చినయిరా. బట్టకు లోతు లేదు, సరే. మనం కూర్చునే గుంటకు లేదా? కాళ్లు చూసుకోకుండ గుంట తవ్వుతమా?" అన్నడు. మామ దిక్కు తిరిగి, "బావా, వీనికి రెండు కొలతలు నేర్పి మూడోది నేర్పనిది నేను. కోపం నా మీద పెట్టుకో" అన్నడు. ఎవ్వరి ముందట తల వంచని మనిషి, తనకు గిట్టని మోటారు కోసం వంచిండు. మామ తాళంచెయ్యి నా చేతుల కాదు, బాపు చేతుల పెట్టిండు. సొట్టలు తీయించిన పాత చక్రాల మీదనే ఆ యేడు నాది, మామ బిడ్డది పెండ్లి బండి నడిచింది.

మొన్న దుకాణంల ఆయన పాఠం అయిపోయేదాక ఆగి, బాపు ఐదు వేళ్ల లోతుకు ముడేసి ఇచ్చిన పోగు జేబుల నుంచి తీసి, మనవని పాత చక్రం, కొత్త చక్రం పక్కపక్కన పెట్టి కొలిచిన. ఆయన నవ్విండు, నవ్వనియ్యి. కొలిచేటప్పుడు తెలిసింది, నా వేళ్లు ఎండి సన్నబడ్డయి, బాపు ఐదు వేళ్ల లోతుకు నావి ఆరు పడతయి. తిరిగి వస్తుంటే మొదటి మలుపు కాడ వెనుక సీట్ల నుంచి మా ఇంటామె నా భుజం తట్టింది. "బావా, దిగాల్నా?"

"కూర్చో," అన్న. "ఈసారి బాపు వేళ్లతోనే కొలిచిన."