ఆడపిల్లల గది తాళం

గుసగుస రోజూ బడికి వెళ్ళేముందు నీళ్ళ సీసా సగమే నింపుకునేది. అదైనా సాయంత్రానికి తాగితే తాగినట్టు, లేకపోతే లేదు. గొంతు పెగలని పిల్ల కాబట్టి తోటివాళ్ళు పెట్టిన పేరే గుసగుస. పదో తరగతి. వాళ్ళ బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి ఎప్పుడూ తాళమే. పైఅధికారులు వచ్చిన రోజున మాత్రం తెరిచి, ఫినాయిల్ చల్లేవారు.

నోటితో అడగలేక ఆ తాళాన్ని ఫోటో తీసి, తల్లి ఫోన్‌లోంచి పోస్టు పెట్టింది: "ఇది అధికారుల కోసమే తెరుస్తారు. అందుకే మేం నీళ్ళు తాగడం మానేశాం."

మర్నాడే హెడ్మాస్టరు తల్లిని పిలిపించాడు. ఆవిడ కుట్టుపని మధ్యలో లేచి, మెడలో టేపుతోనే వచ్చింది.

"ఏమ్మా, పిల్లని ఇలాగేనా పెంచడం? బడి పరువు బజారుకీడ్చింది!"

"అబద్ధం రాసిందా సార్?"

"అది కాదు విషయం."

"పరువుక్కూడా ఓ తాళం వేసుకోవాల్సింది సార్."

ఆయన మొహం కందగడ్డయింది. పోస్టు తీసేసి సోమవారం ప్రార్థనలో క్షమాపణ చెప్పాలి, లేదంటే టీసీ పట్టుకుపోవాలి అన్నాడు. పరీక్షలు నెలలో ఉన్నాయి.

దారిలో తల్లి అంది, "నీ ఇష్టమే తల్లీ. నేను మాత్రం తియ్యమని చెప్పను."

ఆ బడిలో ఓ పద్ధతుంది. తప్పు చేసినవాళ్ళు ముందు చేసిందేమిటో మైకులో చెప్పి, ఆ తర్వాతే క్షమాపణ అడగాలి. హెడ్మాస్టరు పెట్టిందే.

సోమవారం గుసగుస మైకు ముందు నిలబడి మొదలుపెట్టింది.

"వినబడట్లేదే!" వెనక వరసలోంచి ఎవరో అరిచారు. అందరూ గొల్లుమన్నారు.

హెడ్మాస్టరే వచ్చి మైకు కిందికి వంచాడు. "గట్టిగా చెప్పు. అందరికీ వినపడాలి."

పోస్టు చూసినవాళ్ళు అంతవరకూ పదిమందైనా లేరు. ఇప్పుడు బడంతా విన్నది. గుసగుస పోస్టులోని ప్రతి మాటా విడమర్చి చదివి, ఆగింది.

"ఊఁ, క్షమాపణ?"

"చేసింది చెప్పాను సార్. తప్పు మాత్రం చెయ్యలేదు."

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆడపిల్లల వరసల్లో ముందు ఒక్కతే చప్పట్లు కొట్టింది, ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు.

ఆ వారమే తాళం తీశారు. ఆ వారమే గుసగుస చేతిలో టీసీ పెట్టారు. ఆ ఏడు పరీక్షలు పోయాయి.

ఇప్పుడామె రెండు బస్సులు మారి, వేరే బడిలో మళ్ళీ పదో తరగతే చదువుతోంది. పోస్టు మాత్రం తీయలేదు.