ఆ పాఠం ఎన్నో తరగతిది?

నేను నోటి దురుసుదాన్ని. నన్నెరిగినవాళ్లెవరిని అడిగినా ఈ మాటే చెప్తారు కాబట్టి ముందే నేనే చెప్పేస్తున్నాను. వాదనకు దిగితే ఎదుటివాళ్లను వాక్యం పూర్తి చెయ్యనివ్వను. అలాంటిదాన్ని, పందొమ్మిదేళ్లుగా ఒక్క మాటను గొంతుకు అడ్డం పెట్టుకుని తిరుగుతున్నాను. మింగుడు పడలేదు. బయటికీ రాలేదు. ఈ కాగితం కింద పేరు రాయను. పేరు రాస్తే వెంటనే నా తరఫున వాదించడం మొదలుపెడతాను. ఇది వాదన కాదు. మీరు వినండి, చాలు.

బడుల్లో పరాయి భాషను తప్పనిసరి చెయ్యాలా వద్దా అని ఈమధ్య ఎక్కడ సభ జరిగినా నన్ను పిలుస్తున్నారు. వద్దంటాను. గట్టిగా అంటాను. ఇష్టమున్న పిల్లకు నాలుగు భాషలు నేర్పండి, ఎవరు కాదన్నారు? కాని అది రాకపోతే పై తరగతికి పోనివ్వం అనకండి. ఇంట్లో పొయ్యి దగ్గర ఎన్నడూ వినబడని భాషలో లెక్కలు చెప్పి, లెక్కలు రాని మొద్దని ముద్ర వెయ్యకండి. ఇదంతా ఇప్పటికీ నమ్ముతాను. ఇందులో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోవడానికి ఈ కాగితం పట్టుకోలేదు. అయితే ప్రతి సభలోనూ చివర్లో నా రెండు అరచేతులూ చాపి ఒక కథ చెప్తాను. చప్పట్లు ఆ కథకే పడతాయి.

ఆ కథ సగమే.

సభల్లో చెప్పే సగం ఇదీ. నిజాం కాలం. మేడ్చల్ బడిలో చదువంతా ఉర్దూ. నాకు పదేళ్లు. నాయినకు బట్టల దుకాణం, ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట లేదు. మా ఉస్తాదు ఖాదర్ సాబ్ రోజూ గౌడవెల్లి నుంచి సైకిలు మీద వచ్చేవారు. ఒకరోజు తనిఖీకి వచ్చిన అధికారి నన్ను లేపి, వానలు ఎట్లా పడతాయని ఉర్దూలో అడిగాడు. జవాబు నాకు తెలుసు. తెలుగులో చెప్పాను. అధికారి మొహం చిట్లించాడు. ఖాదర్ సాబ్ చింతబరికె తీసి ఒక్కో అరచేతికి ఐదేసి దెబ్బలు కొట్టారు. ఆ పూట అన్నం కలుపుకోవడానికి చేతులు రాలేదు, మా అవ్వ తినిపించింది. 'జవాబు తెలిసిన పిల్లను కొట్టించింది ఎవరు? తప్పనిసరి భాష!' అని నేను బల్ల గుద్దుతాను.

పోయిన నెల శామీర్‌పేటలో ఇట్లాగే బల్ల గుద్దాను. అందరూ చప్పట్లు కొట్టాక వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచి అడిగాడు.

"మరి గా కొట్టిన ఉస్తాదు ఏమైండమ్మా?"

ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. "ఏమో, తెల్వదు," అన్నాను. తెలుసు. నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

ఇప్పుడు మిగతా సగం.

ఆ జవాబు తెలుగులో చెప్పడం నాకు నేర్పింది ఖాదర్ సాబే. పాఠం ఒకసారి ఉర్దూలో చదివి, తలుపు దగ్గరికి వేసి, అంతా మళ్లీ తెలుగులో చెప్పేవారు. అది బయటపడితే ఆయన నౌకరీ పోతుంది. వానల సంగతి కూడా అట్లాగే చెప్పారు, ఆవిరి అంటే ఏమిటో అన్నం గిన్నె మీది మూత ఎత్తినట్టు చేత్తో చూపించి. ఆయన తెలుగు ఎట్లాంటిదనుకున్నారు! సంతలో ఆయన సామెత వేస్తే బేరం మానేసి వినేవారు. ఆ తలుపు వెనక భాషను నేను అధికారి ముందు వాగేశాను. అందుకు కొట్టారు. అంతేనా? ఆ సాయంత్రమే దుకాణానికి వచ్చి, లోపలికి రాకుండా మెట్టు మీదే నిలబడ్డారు.

"సేట్, పిల్లను కొట్టిన. పిల్ల తప్పు గాదు. నా నౌకరీ కోసం కొట్టిన," అన్నారు.

"పోనీ సాబ్, ఉస్తాదు కొడ్తె సదువొస్తదంటరు," అన్నాడు నాయిన.

"రాదు. ఏడుపొస్తది," అని వెళ్లిపోయారు.

చీరల దొంతి వెనక కూచుని ఇదంతా విన్నాను. తప్పు చేసిన నాడే, పొద్దు గూకక ముందే ఒప్పుకున్న మనిషి. సభల్లో ఈ భాగం ఎన్నడూ చెప్పలేదు. చెప్తే నా అరచేతుల కథ ఏమైపోతుంది?

తొమ్మిదేళ్లు గడిచాయి. నేను పట్నంలో మేనత్త ఇంట్లో ఉండి ఇంటర్మీడియట్ పూర్తిచేసుకొచ్చాను. రాజ్యం మారింది. బడి తెలుగులోకి మారింది. అదే మేడ్చల్ బడిలో నన్ను పంతులమ్మగా వేశారు. పాత ఉస్తాదులకు తెలుగు రాయడం వస్తేనే నౌకరీ, లేకపోతే లేదు అని ఉత్తర్వు వచ్చింది. పరీక్ష ఒకటే: చెప్పింది చెప్పినట్టు రాయాలి. వాళ్ల మాటలో దాన్ని ఇమ్లా అంటారు. మా బడిలో అట్లా మిగిలింది ఖాదర్ సాబ్ ఒక్కరే. మాట ఉంది, అక్షరాలు లేవు. బడి విడిచాక ఒకటో తరగతి పలక తీసుకుని వెనక గోడ పక్కన కూచుని, పెదాలు కదుపుతూ దిద్దుకునేవారు. ముగ్గురు ఆడపిల్లల తండ్రి. నేను రోజూ చూస్తూ పోయేదాన్ని. ఒక్కనాడు కూడా ఆగలేదు.

పరీక్ష రోజు కొత్త ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. కోస్తావైపు మనిషి, తొందర మనిషి. రెండో తరగతి వాచకం నా బల్ల మీద పెట్టాడు.

"ఇందులోంచి ఏదైనా పది వరసలు చెప్పండమ్మా, చాలు. నేను రిజిస్టర్లు చూసుకొస్తాను," అని పక్క గదిలోకి పోయాడు.

నా సంచిలో నా ఇంటర్మీడియట్ గద్యం పుస్తకం ఉంది. ఎందుకుంది? బడికి దాంతో నాకేం పని? నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. పొద్దున ఇంటి దగ్గరే సంచిలో వేసుకున్నాను. అప్పటికప్పుడు బుద్ధి గడ్డి తిన్నదని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు.

వాచకం పక్కకు నెట్టి, ఆయనకు కనబడకుండా ఆ పుస్తకం ఒళ్లో తెరిచాను. విద్వజ్జనులు, హృదయోల్లాసం, తద్వ్యతిరిక్తం. రెండేసి మూడేసి అక్షరాలు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూచున్న మాటలు. గొంతు తడబడకుండా, అధికారిలాగా చదివాను. ఆయన కలం ఆగుతోంది, మళ్లీ కదులుతోంది. తెల్ల గడ్డం కింద చెమట. నాకు సంతోషంగా ఉందా? ఉంది. ఆ మాట రాయకపోతే ఇదంతా రాసి దండగ.

అయిపోయాక ఆయన కాగితం వైపు చూసుకుని నవ్వబోయారు.

"బేటీ, మస్తు పరేషాన్ జేసినవు గదా. గిసొంటి మాటలు మన మేడ్చల్ల ఎవలన్న అంటరా?"

"సదువుకున్నోళ్లు అంటరు సాబ్."

"అట్లనా. గీ పాఠం ఎన్నో జమాత్‌ది?"

జమాత్ అంటే తరగతి. ఎంత సాదా ప్రశ్న! నిజం చెప్పి ఉంటే ఆయన బహుశా నవ్వేవారు. 'అరే, నన్ను ఏకంగా కాలేజీకి తోలినవా' అని ఏదో సామెత వేసేవారు. ఇన్‌స్పెక్టర్‌ను అడిగి మళ్లీ రాసేవారు. నా నోరు, ఎప్పుడూ జవాబు వెతుక్కోని నా నోరు, వెంటనే అనేసింది.

"రెండోది."

"రెండో జమాతా?"

"ఔ సాబ్. గా పుస్తకం బల్ల మీదనే ఉన్నది, సూడుండ్రి."

ఆయన చెయ్యి వాచకం దాకా వచ్చింది. అట్ట మీద ఆగింది. తెరవలేదు. తాను చదువు చెప్పిన పిల్ల మాటను పుస్తకం తెరిచి సరిచూడటం ఆయనకు తెలియని పని.

"ముక్కు తుడుసుకొనుడు రాని పోరగాండ్లు గిది రాస్తరా! వాహ్," అన్నారు. కలానికి మూత పెట్టారు. "మరి నేనేం ఉస్తాదును, బేటీ?"

నేను కాగితం ముందుకు లాక్కున్నాను. ఎర్ర సిరాతో తప్పులకు గీతలు గీశాను. న్యాయంగానే గీశాను, ఒక్కటి కూడా ఎక్కువ గియ్యలేదు. ఇన్‌స్పెక్టర్ గీతలు చూశాడు గాని ఏం రాయించానో చదవలేదు. కాగితం మడిచి పట్టుకుపోయాడు.

నౌకరీ ఆ రోజే పోలేదు. ఆరు నెలల తర్వాత ఇంకో అవకాశం ఉంది. నేను తలెత్తుకు తిరగగలిగింది దాన్ని చూసుకునే. మళ్లీ రాస్తారు, గట్టెక్కుతారు, నాది చిన్న గిల్లుడుగా మిగిలిపోతుంది అనుకున్నాను. రెండోసారి చుట్టుపక్కల ఊళ్ల ఉస్తాదులందరినీ శామీర్‌పేట బడికి పిలిచారు. కాగితాలు పంచడానికి నన్నూ రమ్మన్నారు. ఇన్‌స్పెక్టరే స్వయంగా రెండో వాచకంలోంచి కుమ్మరి పాఠం చెప్పాడు. మట్టి, సారె, కుండ, నీళ్లు. అందరూ రాశారు. ఖాదర్ సాబ్ రాలేదు.

"ఆయన రానన్నారమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "రెండో తరగతి పిల్లలు రాసేది నాకు రాలేదు, ఇక పిల్లల ముందు ఏ మొహంతో నిలబడేది అని కబురు పెట్టారు."

అప్పుడైనా నోరు తెరవచ్చు. ఒక్క మాట. నా నౌకరీ గుర్తొచ్చింది. కాగితాలు లెక్కపెట్టి కట్ట కట్టాను. ఆయన నౌకరీ కోసం నన్ను కొట్టారు. నేను నౌకరీ కోసం నోరు మూసుకున్నాను. తేడా ఏమిటంటే, దుకాణం మెట్టు దాకా నేను పోలేదు.

పగ అని చెప్పుకుంటే సుళువు. కాని అరచేతుల వాపు మూడు రోజుల్లో తగ్గింది, చీరల వెనక విన్న మాటతో కోపం కూడా సగం తగ్గింది. మరెందుకు చేశాను? ఇన్నేళ్ల వాదనల్లో ఎదుటివాళ్లకు నేను ఇవ్వని సందు నాకూ ఇవ్వను. బల్లకు అవతలి పక్క కూచోవడం ఎట్లా ఉంటుందో రుచి చూడాలనిపించింది. అంతే. పైగా ఆ రోజు నేను పెట్టింది తెలుగు పరీక్షేనా? మేడ్చల్‌లో ఏ పొయ్యి దగ్గరా వినబడని భాష అది. ఏ పనిని తప్పంటూ ఊరూరా బల్లలు గుద్దుతున్నానో, దాన్నే, ఇంకా నున్నగా, చింతబరికె లేకుండా చేశాను.

తర్వాత ఆయన తమ్ముడి కౌలు పొలంలో పనికి కుదిరారు. మేడ్చల్ సంతకు వంకాయలు తెచ్చేవారు. నేను దారి మార్చుకుని పోతుంటే పిలిచేవారు. పక్కనున్నవాళ్లతో, "గీ పంతులమ్మ నా దగ్గర సదువుకున్నదే," అని చెప్పుకునేవారు. తూచిన తర్వాత కొసరుగా నాలుగు కాయలు ఎక్కువ వేసేవారు. వద్దనేదాన్ని కాదు. సంచి తెరిచి పట్టేదాన్ని. ఆ కూర తిన్నాను కూడా. నాలుగేళ్ల కింద పోయారని విన్నాను.

మీరు క్షమించాలని ఇది రాయలేదు. క్షమించడం మీ చేతిలో లేదు, అది ఎవరి చేతిలో ఉందో ఆయన లేరు. వచ్చే సభలో కూడా తప్పనిసరి భాష వద్దనే అంటాను. అరచేతులు మాత్రం చాపను. చాపితే ఇమ్లా సంగతి కూడా చెప్తాను.

గొంతులో అడ్డం ఉన్నది ఇంత కథ కాదు. ఒక్క జవాబు. అడిగిన మనిషికి చెప్పాల్సింది, పందొమ్మిదేళ్లు ఆలస్యంగా మీకు చెప్తున్నాను.

సాబ్, అది రెండో జమాత్ పాఠం గాదు. ఇంటర్మీడియట్‌ది.