చౌకీ ముందు సాగిన పడుగు

గంజిని సారా అనుకున్న పోలీసును మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను, భవాని పేటలో, మా ఇంటి ముందే. ఇప్పటికీ తలచుకుంటే ఒకపక్క నవ్వొస్తుంది, ఇంకోపక్క ఒళ్లు మండుతుంది.

అవి బొంబాయి రాష్ట్రంలో దారూబందీ, అంటే మద్యనిషేధం, కొత్తగా వచ్చిన రోజులు. సారా కాసేవాళ్లను పట్టుకోమని పై నుంచి హుకుం. కాసేవాళ్ల జోలికి పోవడానికి భయమో, మొహమాటమో గానీ, పోలీసులు మాత్రం బట్టలు నేసే మా సాలోళ్ల గల్లీల మీద పడేవారు. తలుపు తట్టడం లేదు, అడగడం లేదు. ముందు లాఠీ వచ్చేది, మాట ఆ తర్వాత.

ఆ పొద్దున మా పడుగు వీధిలో ఉంది. పడుగంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాలు. వాటిని గల్లీ పొడవునా సాగదీసి, జొన్నపిండి గంజి పూసి, కుంచెలతో దువ్వుతూ ఆరబెట్టాలి. దువ్వకుండా వదిలితే దారాలన్నీ అతుక్కుని పడుగు పాడైపోతుంది. అందుకే మా పేటలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి పడుగు బయటికి వచ్చినా ఇంటికొక మగవాడు కుంచె పట్టుకుని వచ్చి నిలబడాల్సిందే, కూలీ లేదు. ఆడవాళ్లం మేము అరుగుల మీద బీడీలు చుట్టుకుంటూ చూసేవాళ్లం.

గంజిని బాగా పులియబెడితేనే దారానికి పట్టు వస్తుంది. పులిసిన గంజి వాసన ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు కదా! గల్లీ మొగలో నిలబడ్డ హవాల్దార్ ముక్కుకు ఆ వాసన తగిలింది. ఇద్దరు సిపాయిలను వెంటేసుకుని దూసుకొచ్చాడు.

"దారూ! దారూ ఆహే హీ!" అని మరాఠీలో కేకేసి లాఠీతో కుండను పొడిచాడు. సగం గంజి నేలపాలు.

"దారూ కాదు సాబ్, గంజి..." అంటూ మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతి మీదే పడింది దెబ్బ. తర్వాత మెడ పట్టుకుని పోలీసు చౌకీకి ఈడ్చుకుపోయారు.

నా ఒళ్లో ఉన్న బీడీల చాట ఎటు పడిందో నాకు తెలియదు. కేసు పెడితే జైలు. జైలు సంగతి తర్వాత, చౌకీలో ఇంకా కొడితే? నేతగాడి చెయ్యి విరిగితే ఇంట్లో ఇంకేం మిగులుతుంది? మగవాళ్లంతా కుంచెలు పట్టుకుని బొమ్మల్లా నిలబడ్డారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

నాకంటే ముందు మా అత్త లేచింది. కొంగు నడుముకు బిగించింది.

"ఏందిరా గట్ల నిలవడ్డరు? పడుగు లేపుండ్రి! చౌకీ ముందట ఏస్తం, ఆడనే దువ్వుతం. వాడు సూస్తడు ఇది గంజో, దారూనో!"

అబ్బ! ఆ మాటతో గల్లీకి ప్రాణం వచ్చింది. పడుగును నిలబెట్టిన కట్టెలు పీకారు. తడి పడుగును పల్లకీలాగా భుజాల మీదికి ఎత్తుకున్నారు. మిగిలిన గంజికుండ అత్త చంకలో. బీడీలు చుట్టే ఆడవాళ్లంతా చాటలతో సహా వెనకాల. నడిచామా, పరిగెత్తామా! దారిలో కనపడ్డవాళ్లు ఏమిటని అడగడం, విని మాతో కలవడం.

చౌకీ ముందు రోడ్డుకు అడ్డంగా పడుగు సాగదీశాం. టాంగాలు ఆగిపోయాయి. గోల విని చౌకీ పెద్ద ఫౌజుదార్ బయటికి వచ్చాడు, వెనకే మా హవాల్దార్.

"సాహేబ్, ఇది దారూ నాహీ, గంజి ఆహే గంజి!" అంది అత్త. "తాగి సూపిస్త, బఘా!" లోటా నిండా ముంచుకుని గటగటా తాగేసింది! మూతి తుడుచుకుని పడుగు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిన్నగా నడిచింది. "తూలిన్నా? తూలితె నన్ను గూడ లోపలెయ్యి!"

జనం ఈలలు, చప్పట్లు. ఫౌజుదార్ కుండ దగ్గరికి వంగి, మొహం చిట్లించుకుని, హవాల్దార్ వైపు తిరిగాడు.

"వాస్ తసాచ్ యేత్ హోతా, సాహేబ్," అని గొణిగాడతను. వాసన అలాగే వచ్చిందట!

మా ఆయనను విడిచిపెట్టమన్నాడు ఫౌజుదార్. ఇక వెళ్లండి అన్నాడు. అత్త కదిలితేగా!

"ఇంకోపారి తలాషీకి వస్తె మా గల్లీ పెద్దమనిషిని పిలువాలె. ఆడోళ్ల ముందట ఇల్లు సూడాలె. తప్పుంటె కోర్టుకు తీస్కపో సాహేబ్, కొట్టనీకి మీరెవ్వరు?"

"కొట్టనీకి మీరెవ్వరు?" అని మేమంతా అరిచాం. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు! ఫౌజుదార్ అందరి ముందూ సరేనన్నాడు. ఆ మాట చాలాకాలం నిలబడింది కూడా. ఆ తర్వాత పోలీసులు గల్లీ మొగలోనే ఆగి పెద్దమనిషిని పిలిచేవారు.

ఫౌజుదార్ సరేనన్నాక లోపలి నుంచి వచ్చాడు మా ఆయన, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని. అరచెయ్యి ఉబ్బిపోయింది, వేళ్లు ముడుచుకోవడం లేదు. పడుగేమో ఆరిపోతోంది, కుంచె పట్టాల్సిన అతని చోటు ఖాళీ.

"కొట్టినోనికే ఇయ్యుండ్రి కుంచె!" అని ఎవరో అరిచారు. జనమంతా అందుకున్నారు. ఫౌజుదార్ కూడా హవాల్దార్‌ను వెళ్లి దువ్వమని సైగ చేశాడు. అతను తలవంచుకుని కుంచె కోసం చెయ్యి చాపాడు.

"వద్దు సాహేబ్," అన్నాడు మా ఆయన. "నన్ను కొట్టిన చెయ్యి నా పడుగు మీద పడొద్దు."

ఎప్పుడు కదిలానో, నేను వెళ్లి ఆ కుంచె తీసుకున్నాను. మా పేటలో ఆడది కుంచె పట్టడం అంతవరకూ లేదు. ఎవరూ వద్దనలేదు.

"గట్టిగ ఒత్తకు, సాపుగ గుంజు," అన్నాడు మా ఆయన, నా పక్కకు వచ్చి నిలబడి.

గంజిలో ముంచి లాగాను. అతుక్కున్న దారాలు ఒక్కొక్కటే విడిపోయాయి. హవాల్దార్ ఇంకా అక్కడే ఉన్నాడు. అతని కళ్లలోకి చూస్తూనే రెండోసారి లాగాను.