తుంగభద్రకు ఒడిబియ్యం

మొన్న మా అమ్మాయి ఏదో సముద్రతీరానికి షికారు వెళ్లి, అక్కడి నుంచే ఫోన్‌లో ఫోటో పంపింది. నీలిరంగు నీళ్లు, పిండి ఆరబోసినట్టు తెల్లటి ఇసుక, మధ్యలో నల్ల కళ్లద్దాలతో మా అల్లుడు. చూడగానే నాకొచ్చిన మొదటి ఆలోచన, ఇదేం సముద్రం, బురద ఏదీ, అని. ఆ మాట ఫోన్‌లో చెబితే అమ్మాయి పడీపడీ నవ్వింది. నవ్వదా మరి, నా జన్మకు నేను చూసిన సముద్రం బందరు సముద్రం ఒక్కటే. అప్పుడు మా అమ్మాయీ మాతోనే ఉంది గానీ చిన్నపిల్ల, దానికి గుర్తున్నదల్లా బందరు లడ్డు.

నా ఈడువాళ్లకు బాగా గుర్తుండే ఉంటుంది, తుంగభద్ర పొంగి రాజోలిని ముంచిన ఏడాది. మాది వీపనగండ్ల దగ్గర పల్లె, మా అత్తమ్మ పుట్టిల్లు రాజోలి. అక్కడున్న ఆమె తమ్ముడు నాకు చిన్నాయన వరుస. ఆ వరదలో చిన్నాయన మట్టిగోడల ఇల్లు కూలిపోయింది, చేనులో పైమట్టి మొత్తం కొట్టుకుపోయింది. భార్య పోయి, కూతుళ్లు అత్తగారిళ్లకు వెళ్లి అప్పటికే ఒంటిగా ఉంటున్న మనిషి, ప్రాణాలతో బయటపడి మా ఇంటికొచ్చాడు. ఎప్పుడొచ్చినా వాకిట్లో కాలు పెట్టకముందే నాతో వేళాకోళాలు మొదలుపెట్టేవాడు, ఈసారి మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. ఉన్న చేను ఎవరికైనా ఇచ్చేసి ఇక రాజోలి గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. అత్తమ్మకు కూలిన ఇంటి కంటే ఆ ఒట్టే పెద్ద దెబ్బయింది. తమ్ముడు ఊరొదిలేస్తే తనకిక పుట్టిల్లన్నదే ఉండదు కదా.

సరిగ్గా అప్పుడే మా ఆయన, బడి సెలవుల్లో అందరినీ బెజవాడ అమ్మవారి దర్శనానికి తీసుకెళ్లి, అటునుంచి బందరు సముద్రం చూపిస్తానని తూఫాను జీపు మాట్లాడాడు. చిన్నాయన మనసు కాస్త తేలికపడుతుందని ఆయన ఆశ. అత్తమ్మ లెక్క మాత్రం వేరు. ఆమె దృష్టిలో తుంగభద్ర రాజోలి ఆడపిల్ల. మన ఒడ్డున ఆడుకుని, కిందికి వెళ్లి కృష్ణమ్మతో జతకలిసి, సముద్రుడింటికి కాపురానికి పోయింది. పోయినదాన్ని ఇన్ని తరాల్లో పుట్టింటివాళ్లు ఒక్కరైనా వెళ్లి పలకరించిన పాపాన పోలేదు, అందుకే అలిగి ఇంటి మీదికొచ్చిందని ఆమె తీర్మానం.

"సారె లేదు, చీర లేదు, ఒడిబియ్యం లేదు. కోపం రాకుంటె ఏమైతది?" అన్నది.

ఒడిబియ్యం అంటే మా దిక్కు తెలియనివారుండరు. పెళ్లయిన ఆడపిల్లను పిలిచి, పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, కనుము అనే రవికె గుడ్డ ఒడిలో పోసి పంపుతారు. ఆ పిల్ల వెళ్లే ముందు అందులోంచి నాలుగు పిడికిళ్లు తీసి పుట్టింటి పాలుగా, అంటే భాగంగా, దేవుడి ముందు పెట్టి పోతుంది. నేనైతే అమ్మ మీద ప్రేమకొద్దీ దోసిళ్లతో తీసి పెట్టేదాన్ని, బస్సులో మోత తప్పించుకోవడానికే పెడుతున్నానని మా అన్న ఏడిపించేవాడు.

అత్తమ్మ రాత్రికి రాత్రే బియ్యానికి పసుపు పట్టించి, ఎర్ర కనుములో కుడుకలతో సహా మూటగట్టింది. పుట్టింటి మగవాడివి నువ్వే కాబట్టి మూట నువ్వే పట్టుకోవాలని తమ్ముడి ముందు పెట్టింది.

"నా ఇల్లు ముంచినదానికి నేను సారె మోస్కపోవాల్నా అక్కా?" అని చిన్నాయన లేచి అవతలికి వెళ్లిపోయాడు. చివరికి అక్క కంటనీరు చూడలేక బండెక్కాడు గానీ, మూట మాత్రం ముట్టుకోలేదు.

ఆ ప్రయాణం తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ముందు సీట్లో డ్రైవరు పక్కన మా ఆయన దారి పొడవునా పిల్లకు భూగోళం పాఠం చెబుతుంటే, వెనక అత్తమ్మ జొన్నరొట్టెల్లో పల్లికారం పెట్టి అందరికీ పంచుతూ, మూటను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వంతెన వచ్చినప్పుడల్లా ఆమె కిటికీలోంచి దండం పెడితే, చిన్నాయన ముఖం మీద తువ్వాల కప్పుకునేవాడు. బీచుపల్లి దగ్గరా అంతే, కర్నూలు దగ్గరా అంతే. బెజవాడలో బ్యారేజీ చాలా పొడుగు, పాపం ఆయనకు ఉక్కపోసింది.

అత్తమ్మకు నది సముద్రంలో కలిసే చోటికే పోవాలని ఉండేది. అది బందరు నుంచి చాలా దూరమని, చీకటి పడుతుందని డ్రైవరు చెబితే మేం భయపడ్డాం, ఈమె ఒప్పుకుంటుందో లేదోనని. ఆమె తేలిగ్గా తీసేసింది. "ఇల్లు ఒకటే గద. ఏ అర్రల ఉంటేంది?" అన్నది, ఏ గదిలో ఉన్నా సముద్రుడి ఇల్లేనన్నట్టు.

అలా బందరు దగ్గరి మంగినపూడి ఒడ్డుకు చేరాం. నేను ఇసుక అనుకుని చెప్పులు విడిచి కాలు పెడితే పిక్కల దాకా నల్లబురద. మా ఆయన జారి కూలబడ్డాడు, పిల్ల చప్పట్లు కొట్టింది. బండిలోంచి దిగనని భీష్మించుకున్న చిన్నాయన బురద అన్న మాట విని దిగాడు. వంగి చిటికెడు మట్టి తీసుకుని వేళ్ల మధ్య నలిపాడు, వాసన చూశాడు. రైతు చెయ్యి ఊరుకోదు కదా. ఇది మన రేగడే అక్కా, అని మెల్లగా అన్నాడు. అత్తమ్మ మెరిసే కళ్లతో, చూశావా, పుట్టింటి మట్టి పారేయకుండా దాచుకుంది, అన్నది. మా ఆయన ఏదో వివరించబోతే నేను మోచేత్తో పొడిచాను.

అత్తమ్మ మోకాలి లోతుకు వెళ్లి, పసుపు కుంకుమలు వేసి, మూట ముడి సడలించి నీళ్లలో విడిచింది. మూట కొంచెం దూరం వెళ్లింది, అంతలో ఒక అల వచ్చి దాన్ని తెచ్చి చిన్నాయన ముందున్న బురదలో పెట్టేసింది. అత్తమ్మ ముఖం వాడిపోయింది.

"తీస్కోలేదు తమ్మీ. ఇంక కోపం పోలేదు."

ఆ గొంతు వింటే నాకు దుఃఖం ఆగలేదు. చిన్నాయన పంచె ఎగ్గట్టి, మూటను రెండు చేతులా ఎత్తుకుని, వరద తరువాత మొదటిసారి నీళ్లలోకి, అక్క దగ్గరికి దిగాడు. మూట విప్పి చూశాడు. సగం బియ్యం నీళ్లలో కలిసిపోయాయి, సగం అలాగే ఉన్నాయి, మూలకు ఒక కుడుక.

"అట్లంటవేందక్కా, జర సూడు. ఆమెవి ఆమె తీస్కున్నది. పుట్టింటి పాలు పెట్టకుంట ఏ ఆడివిల్ల పోతది? గియి మనయి."

అంటూ ఆ తడి మూటను కళ్లకద్దుకున్నాడు. అక్కాతమ్ముళ్లిద్దరూ ఆ నీళ్లలోనే నిలబడి ఏడ్చారు, ఆపైన మా ఆయన వెనక అంటిన బురద చూసి నవ్వారు. తిరుగు దారిలో చిన్నాయన కిటికీ పక్కన కూర్చుని, ప్రతి వంతెన మీదా బండి నెమ్మదిగా పోనియ్యమని డ్రైవరును సతాయించాడు.

ఆ నెలలోనే రాజోలిలో గోడలు లేపాడు. పునాదికి ముగ్గు పోసిన రోజు ఆ బియ్యం కడిగి పాయసం వండితే, ఎంత కడిగినా ఉప్పు పోలేదు. వచ్చినవాళ్లంతా ముఖాలు చిట్లిస్తుంటే, ఆడపిల్ల అత్తగారింటి ఉప్పు, పారేయొద్దని చిన్నాయన దగ్గరుండి తాగించాడు.

ఇప్పుడు అత్తమ్మ లేదు, చిన్నాయన లేడు. ఆ ఇంట్లో ఆయన మనవడుంటున్నాడు. సముద్రాలు కూడా దగ్గరైపోయాయి, శుక్రవారం అనుకుంటే శనివారానికి చేరుకుంటున్నారు, సంతోషమే. వానాకాలంలో రాజోలి పక్కనున్న సుంకేశుల ఆనకట్ట దగ్గర తుంగభద్రకు గేట్లెత్తారని తెలిస్తే చాలు, జనం బండ్లేసుకుని పోయి, నీళ్లకు వీపు పెట్టి ఫోటోలు దిగి వస్తారు. పోయినసారి నేనూ వెళ్లాను. ఆ నురగలు, ఆ హోరు, ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను. అయినా అత్తమ్మ మాట గుర్తొచ్చింది. ఆడపిల్ల అత్తగారింటికి బయలుదేరింది, సాగనంపడానికి వచ్చినట్టే వాకిలి నిండా జనం నిలబడ్డారు, ఒక్కరి చేతిలోనూ పిడికెడు బియ్యం లేవు. నా చేతిలోనూ ఫోనే ఉంది.