విమానం వెళ్ళేదాకా ఆగాలి

ఆ వయసులో, అంటే ఇరవై మూడేళ్ళప్పుడు, మనసులో మాట దాచిపెట్టడానికి పాస్టరమ్మగారిని మించిన చోటు లేదని నమ్మిన మహా తెలివిగలదాన్ని నేను. శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గోలో పని. క్యాబ్ నడిపే అతనితో పెళ్ళి కుదిరింది (కుదుర్చుకున్నది నేనే). పెళ్ళికి ముందు కౌన్సెలింగ్‌లో పాస్టరమ్మ "ఏదున్నా చెప్పమ్మా, నా దగ్గరే ఉంటుంది" అంటే చెప్పేశాను. హాస్టల్లో ఒక అమ్మాయిని ప్రేమించాను, ఇప్పుడు ఇతన్ని ప్రేమిస్తున్నాను, రెండూ నిజమే, ఇతనికీ తెలుసు అని.

ఆవిడ ఎవరికీ చాడీలు చెప్పలేదు. శుక్రవారం ఉపవాస కూడికలో ప్రార్థన అంశంగా పెట్టారు, అంతే. "పేరు చెప్పనండీ. కార్గోలో పనిచేస్తూ, వచ్చే నెల క్యాబ్ డ్రైవర్ని చేసుకోబోతున్న ఒక సోదరి, ఆడపిల్లల మీద మోహం నుంచి విడుదల పొందాలి." మా సంఘంలో కార్గో సోదరిని నేనొక్కదాన్నే! అందరూ కన్నీళ్ళతో నా కోసం ప్రార్థిస్తుంటే నేనూ గట్టిగా ఆమెన్ అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. బయటికొచ్చాక మా మేనత్త "పెండ్లయితే అన్నీ పోతయ్ తీయే" అంది. పోవడానికి అదేమన్నా జలుబా?

పైగా ఒక షరతు. ఆదివారం అందరి ముందూ విడుదల పొందానని సాక్ష్యం చెప్పాలి, లేకపోతే పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో చదవాల్సిన మా పెళ్ళి ప్రకటన చదవరు. అది చదవందే అక్కడ పెళ్ళి చెయ్యరు. ఒళ్ళు మండిపోయింది. "ఇడిసిపెట్టు, రిజిస్టర్ ఆఫీసుల చేసుకుందాం" అన్నాడు అతను. నాకు మాత్రం నా దేవుడి ముందే, నా చర్చిలోనే కావాలి. అబద్ధం మాత్రం చెప్పను.

మా చర్చి రేకుల షెడ్డు. నెత్తిన విమానం పోతుంటే పాస్టరుగారైనా సరే చెయ్యెత్తి, ప్రసంగం ఆపి నిలబడతారు. పసిపిల్లలకు కూడా తెలిసిన పద్ధతి. ఆ ఆదివారం నేను లేచి "దేవుడు నాకు..." అన్నాను. దూరంగా చప్పుడు. ఆగాలి. ఆగలేదు. అది సరిగ్గా నెత్తిమీదికి వచ్చేదాకా నసిగి, అప్పుడు గబగబా అనేశాను: "విడుదలేం లేదు, నేను అట్లాగే ఉన్నాను, దేవుడే నన్నిట్లా చేశాడు!" రేకులు దడదడలాడాయి. ఒక్కరికీ వినబడలేదు. నా పెదవులు ఆగగానే అందరూ "హల్లెలూయా" అన్నారు. పాస్టరమ్మ కళ్ళు తుడుచుకున్నారు. మొదటి ప్రకటన ఆ రోజే చదివారు.

అబద్ధం చెప్పలేదు కదా అని తొమ్మిదేళ్ళు నన్ను నేనే మెచ్చుకున్నాను. పోయిన నెల చర్చిలో పాస్టరమ్మ తలొంచుకున్న ఒక అమ్మాయిని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టారు. "ఈ అక్క కూడా నీలాగే ఉండేదమ్మా" అని ఆ పిల్లతో అని, నా వైపు తిరిగారు. "దేవుడు ఎలా విడిపించాడో చెప్పు తల్లీ." నా తెలివి ఆ పిల్ల మెడకు చుట్టుకుంది. ఆవిడ మీద ఎంత కోపమొచ్చిందో, నా మీద అంతకు రెట్టింపు వచ్చింది.

పైన విమానం. పాస్టరుగారిలాగా చెయ్యెత్తాను. అది పూర్తిగా వెళ్ళిపోయాక చెప్పాను.

"విడుదల గిడుదల ఏం లేదు చెల్లె. అప్పుడెట్లున్ననో ఇప్పుడు గట్లనే ఉన్న. నా మొగనికి ఎర్కే, దేవునికి ఎర్కే."

ఆ పిల్ల తలెత్తింది. పాస్టరమ్మ స్తోత్రం అనడం మర్చిపోయారు. విమానం కోసం నసుగుతూ నిలబడ్డ ఆ ఇరవై మూడేళ్ళదాన్ని తలుచుకుంటే ఇప్పుడు తిట్టబుద్ధి కాదు. పాపం, చెప్పడం మాత్రం చెప్పింది.