ఆముదం గిన్నె

మంథని దొరల పాత కారు ఊళ్లు తిరిగొస్తే కైలాసం వెంటనే నీళ్లు పోయడు. చక్రాలు చల్లారేదాకా నీడలో కూర్చుని, పగిలిన మడమలు ఒత్తుకుంటాడు. తర్వాత కుంకుడు రసంలో పాత ధోవతి గుడ్డ ముంచి ఒక్కో చక్రమే తుడుస్తాడు. చక్రాల మధ్య మెరుపు రేకు గీసుకుపోతుందని కొబ్బరి పీచు ముట్టడు. ఇరవై ఏళ్లుగా ఇదే పని. నడుము ఇక వంగనంటోంది.

ఆ రోజు పెళ్లికి పోవాలని దొరసాని రుక్మాబాయి గిన్నెడు ఆముదం తెచ్చింది.

"కైలాసం, టైర్లకు గిది రుద్దు. నల్లగ మెరుస్తయి."

"వద్దు దొరసానీ. నూనె తాకితే తొవ్వల దుమ్మంత అంటుకుంటది."

"గట్లనా? మంచిగ చెప్పినవ్" అంటూ ఆమె గిన్నెతో వెనుదిరిగింది.

కైలాసం మడమల వైపు చూసుకున్నాడు. ఆ ఆముదం చెంచాడు రాసినా మంట తగ్గేది.

"దొరసానీ..."

ఆమె ఆగింది. "ఏంది?"

"ఏం లే. ఇంకో చక్రం మిగిలింది."