గోస్పాడు ఆకాశం

నంద్యాలలో మా స్టూడియో బయట అద్దాల షోకేసు ఒకటుంది. అందులో ఒకే ఒక్క పెద్ద ఫోటో పెడతారు. చాలా ఏళ్లు అది నాదే. ఆళ్లగడ్డ దాటినాక, నల్లమల మీంచి వాన దిగి వస్తుంటే తీసింది. బతుకంతా పెళ్లిళ్లూ నామకరణాలూ తీశాను గానీ అందులో ఒక్కటీ నాది అనిపించదు. తలంబ్రాలు పోసేది వాళ్లు, నవ్వేది వాళ్లు, మనం బటన్ నొక్కుతాం, అంతే. ఆ కొండ ఫోటో మాత్రం నాది. పొద్దున బండి ఆపి దాన్నొకసారి చూసుకుంటే గానీ లోపలికి పోయేవాణ్ణి కాదు.

నా తర్వాత ఒకడు పనిలో చేరాడు. ఆళ్లగడ్డ మనిషి. కెమెరా పట్టుకోవడం నా దగ్గరే నేర్చుకున్నాడు. ముహూర్తాలు లేని రోజుల్లో ఇద్దరం ఒకే బండి మీద ఊళ్లు తిరిగేవాళ్లం. వాడు పాస్‌పోర్ట్ తీసుకుంటే, స్టూడియో అంతా వినబడేలా నవ్వింది నేనే.

"పాస్‌పోర్ట్ దేనికప్పా, పాణ్యం పోనీకా?"

వాడూ నవ్వాడు. కొన్నాళ్లకు ఆళ్లగడ్డ నుంచి ఒక పెద్ద రైతు వచ్చాడు. ఆయన కూతురూ కాబోయే అల్లుడూ స్కాట్లాండ్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. పెళ్లి ఇక్కడే, కానీ పెళ్లికి ముందు తీసే ఫోటోలు అక్కడి కొండల్లో కావాలట. మన పిల్లల్ని మనోళ్లు తీసినట్టు వేరేవాళ్లు తీయరని, ఇక్కడి నుంచే ఒక మనిషిని పంపమన్నాడు. మా ఓనర్ మొదట నా వైపే చూశాడు. ఆ తర్వాత పాస్‌పోర్ట్ ఉందా అని అడిగాడు.

అట్లా వాడు స్కాట్లాండ్ పోయాడు. నేను పక్కనున్న పాణ్యంలో ఒక ఓణీల ఫంక్షన్‌కు పోయాను.

అక్కడినుంచి వాడు ఫోన్‌కి ఫోటోలు పంపడం మొదలుపెట్టాడు. "ఈడ ఒకటే గాలి, వానన్నా. యాడ ఆపమంటే ఆడ కారు ఆపుతాండారు" అని మెసేజ్. ఇల్లూ వాకిలీ లేని రోడ్లు, గొర్రెలు, చెట్టన్నది లేని కొండలు. పాణ్యం పక్క మా ఎర్రమల కొండల్లాగా అవీ బోడివే, కానీ తలదాకా పచ్చగడ్డి కప్పుకుని ఉన్నాయి. నేను చూసి ఫోన్ పక్కన పడేసేవాణ్ణి. మళ్లీ తీసి చూసేవాణ్ణి.

ఒకరోజు ఒక ఫోటో వచ్చింది. నల్లటి మబ్బు కొండ భుజం మీదికి దిగుతోంది. కింద చెరువు. గడ్డి మీద ఒక్కచోట మాత్రం సన్నగా ఎండ పడింది. పెళ్లి జంట ఇద్దరూ ఒక మూల చీమలంత ఉన్నారు. కింద "ఎట్లుందన్నా?" అని రాశాడు.

నాకు కడుపు భగ్గుమంది. అది నా నల్లమల ఫోటోనే. కొండను ఒక పక్కకు జరపడం, వాన వచ్చే వైపు ఖాళీ వదలడం, అంతా నేను చెప్పిందే. చెప్పిన నాకంటే బాగా తీశాడు. విమానం ఎక్కింది వాడు, ఆ వానలో తడిసింది వాడు, చివరికి నా చూపు కూడా వాడిదే అయిపోయింది. నేను జవాబు రాయలేదు. ఎక్కడో ఒక తప్పు దొరక్కపోతుందా అని ఆ ఫోటోను ఫోన్ తెర మీదే పెట్టుకున్నాను. ఫోన్ తీసినప్పుడల్లా వెతికాను. దొరకలేదు.

వాడు తిరిగొచ్చాడు. నాకొక ఉన్ని మఫ్లర్ తెచ్చాడు, నంద్యాల ఎండలో కట్టుకోవడానికి. ఆల్బమ్ తయారుచేసే పని నాది. పెళ్లికూతురి తండ్రి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని మొహం ముడిచాడు.

"ఏందప్పా ఇది, అంతా ముసురు పట్టినాది? అంత దూరం పోయి మబ్బులు తీసకొచ్చినారా? పెండ్లి ఆల్బమ్ అంటే నీలంగా ఉండల్ల. మార్చు."

ఆయన సేద్యం చేసే మనిషి. ఏటా మబ్బు కోసం మొహం పైకెత్తి చూసేవాడే. రెండు మాటలు చెబితే వినేవాడేమో. నేను నోరు మెదపలేదు. లోపల మాత్రం పండగలా ఉంది.

ఆకాశం మార్చడం మాకు కొత్తేం కాదు. కంప్యూటర్‌లో ఆకాశాలకని ఒక ఫోల్డరే ఉంది. పెళ్లి వానలో జరిగినా ఆల్బమ్‌లో ఎండ కాయాల్సిందే. అందులో ఉన్నవన్నీ నేను తీసినవే. ఇక్కడికి దగ్గర్లోని గోస్పాడు దారిలో, వానలు వెలిశాక, వరి మళ్ల పైన తీసిన ఆకాశం ఒకటి ఎంచుకున్నాను. వాడి మబ్బును నీట్‌గా కోసేశాను. చెరువు నీళ్లలో కూడా గోస్పాడునే తలకిందులు చేసి పెట్టాను. గడ్డికి పసుపు ఎక్కించాను. వాడి సన్నటి ఎండ ఆ వెలుగులో కలిసిపోయింది. క్యాలెండర్ బొమ్మ తయారైంది. ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఆ రైతుకు తెగ నచ్చింది. ఓనర్‌కు ఇంకా నచ్చింది. కొన్నాళ్లకు పొద్దున నేను బండి ఆపేసరికి షోకేసులో ఆ బొమ్మ ఉంది. నా నల్లమల లోపల ఫ్లెక్సీ చుట్టల పక్కన గోడకు ఆనించి ఉంది.

"స్కాట్లాండ్ అంటే జనం నిలబడి చూస్తారప్పా. నల్లమల రోజూ కనపడేదే గదా" అన్నాడు ఓనర్.

నిజంగానే నిలబడి చూశారు. ఒకామె పక్కనామెతో అంది, "ఆకాశం చూడు ఎట్లుందో. మనకాడ యాడుంటాది అట్లాంటిది?" అది మన గోస్పాడుదే తల్లీ, తీసింది నేనే అని అరవాలనిపించింది. నా ఆకాశాన్ని చూసి నేనే కుళ్లుకోవాల్సి వచ్చింది.

సున్నిపెంటలో పెళ్లి ముగించుకుని వాడు ఆ సాయంత్రం వచ్చాడు. షోకేసు ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత లోపలికొచ్చి కౌంటర్ దగ్గర కూర్చున్నాడు.

"ఈ మబ్బులు గోస్పాడువి గదన్నా. ఆ పొద్దు బండి పంచరై, కాలువ గట్టు మింద కూచోని తీసినావ్."

"పెద్దాయన మార్చమన్నాడు."

"ఓనర్ చెప్పినాడులే. మరి నాది యాడ పెట్టినావ్?"

"ఉంటాదిలే కంప్యూటర్లో, యాడో ఒక తావ."

అప్పుడే కౌంటర్ మీదున్న నా ఫోన్‌కు ఏదో మెసేజ్ వచ్చి తెర వెలిగింది. మా ఇద్దరి మధ్యా వాడి కొండ, దాని మీదికి దిగుతున్న వాన. వాడు దాన్ని చూశాడు. నేను ఫోన్ బోర్లా పెట్టలేకపోయాను. తెర ఆరిపోయింది. వాడు చెయ్యి చాపి మళ్లీ వెలిగించాడు.

"ఎట్లుందన్నా?"

"నాదానికంటే బాగుంది" అన్నాను. కడుపులో మంట మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.